తడి నేల మీద కొలత

ఇప్పలగూడ, ఖానాపూర్ మండలం
మార్చి 4, 2024

చిన్నమ్మకు వనిత శనార్తులు.

మంచిగనే చేరిన, ఫికర్ చెయ్యకు. ఖానాపూర్ల బస్సు దిగి ఆటో ఎక్కిన కాన్నుంచి ఫోన్ల సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే మాయమైనయి. ఊరికొచ్చేసరికి ఒక్కటి గూడ మిగలలే. జరమొచ్చి నీ చెవులు పోయినంక నీతోని ఫోన్ల మాట్లాడుడు ఎట్లాగూ బందైంది. గిక్కడ మెసేజ్ పంపే తొవ్వ గూడ లేదు. ఇగ ఉత్తరాలే రాసుకుందాం.

ఊరి పక్కపొంటి సన్నవాగు పారుతది. ఇప్పుడు దాంట్ల మోకాలు గూడ తడవది. పోయిన వానకాలం పైన గుట్టలల్ల వాన పడితే, ఇక్కడ ఎండ కొడుతుండంగనే వాగు లేచి వచ్చిందట. పశువులను విడువనీకి పోయిన కొమురవ్వ అనే ఆమె మల్ల ఇంటికి రాలే. అందుకే మా సంస్థ ఇక్కడ హెచ్చరిక పెడుతున్నది. పైన గుట్ట కాడ, వరి మడులకు అవతల, నీళ్ల ఎత్తు చూసే యంత్రం ఉంటది. వాగు లేస్తే అది రేడియో మీద కబురు పంపుతది, కింద ఊర్ల సైరన్ మోగుతది. జనం మిట్ట మీది బడి దాక ఎక్కనీకి టైం దొరుకుతది. నా పని ఇంతే.

కాని కబురు సక్కగ వస్తలేదు. ఒక దినం వస్తది, ఇంకో దినం రాదు. కబురు అందుకునే ఏంటెనాను బడి రేకుల పక్కన కట్టినం. కంపెనీ ఇచ్చిన కాగితం మీదనైతే దానికి ఏ వంకా లేదు. మా టీం పెద్ద కుమార్ సార్, "ఏంటెనా పరీక్షల పాసైంది. నీ వైర్లు చూసుకో" అంటుండు. వైర్లన్నీ మార్చిన. ఫరక్ పడలే.

సైరన్ పెట్టె కొమురవ్వ పెనిమిటి అంకయ్య ఇంటి ముంగటనే ఉన్నది. నిన్న నేను దాన్ని విప్పుతుంటే ఆయన అరుగు మీద కూసొని అడిగిండు.

"గిది మోగుతదా బిడ్డా?"

"మోగుతది కాకా."

"మోగకుంటే ముందే చెప్పు. మోగుతదని నమ్మి కూసుంటే ఇంకా మోసం."

చిన్నమ్మా, నువ్వు ఏంటెనాలు కొలిచే కేంద్రంల పనిజేసి రిటైరైన దానివి. ఆ పని ఏందో మన ఇంట్ల ఎవ్వరికీ తెల్వది. నేను గూడ ఎన్నడూ అడగలే. ఇప్పుడు అడుగుతున్న. నేనేం చెయ్యాలె?

నీ బిడ్డ
వనిత

—

కరీంనగర్
మార్చి 12

బిడ్డా వనితా,

నీ ఉత్తరం చదివి నాతోని ఉండే కోమల టీచర్ ఏమన్నదో తెలుసా? "మీ అక్క బిడ్డకు ఇన్నేండ్లకు నీ నౌకరీ గుర్తొచ్చింది" అని పలక మీద రాసి చూపిచ్చి నవ్వింది. నవ్వనీ. నాకైతే కడుపు నిండింది.

నీ కంపెనీ కాగితం అబద్ధం చెప్తలేదు. అయితే అది ఒక మంచి గదిల పుట్టిన కాగితం. అక్కడ నేల లేనట్టు, గోడలు లేనట్టు, ఆకాశంల ఏంటెనా ఒక్కటే వేలాడుతున్నట్టు కొలుస్తరు. నీ ఊర్ల నేల ఉన్నది, రేకులు ఉన్నయి, చెట్లు ఉన్నయి. అవన్నీ నీ ఏంటెనాతోని మాట్లాడుతుంటయి.

ఈ కొలిచే పని ఎట్ల మొదలైందో చెప్తా. తొలుత రేడియో పెట్టినోళ్లు ఏంటెనా నిలబెట్టి, చేతుల మీటర్ పట్టుకొని దాని సుట్టూ తిరిగిండ్రు. ఏ దిక్కుకు ఎంత బలం పోతున్నదో చుక్కలు పెట్టి, చుక్కలు కలిపిండ్రు. కనపడని దానికి ఒక ఆకారం వచ్చింది. తర్వాత పెద్ద యుద్ధం వచ్చింది. విమానానికి ఏంటెనా పెడితే రెక్క అడ్డమొస్తదా, తోక అడ్డమొస్తదా తెల్వాలె. ఎగిరే విమానం సుట్టూ మీటర్ పట్టుకొని ఎవరు తిరుగుతరు? అందుకని పిల్లలు ఆడుకునేటంత విమానం జేసిండ్రు. విమానం ఎంత చిన్నగైందో రేడియో అలను గూడ అంత చిన్నగ జేసిండ్రు. మైదానంల స్తంభం మీద ఆ బొమ్మను తిప్పుకుంట కొలిచిండ్రు. అది చదివిన నాడు నేను పుస్తకం మూసి లేచి నిలబడ్డ. మనుషులకు గిసొంటి తెలివి ఎట్ల పుడుతదో అనుకున్న.

నేను చేరిన కొత్తల మా కేంద్రంల గదులు లేవు. రెండు టవర్లు, నడుమ రాళ్ల బీడు, అంతే. ఒక టవర్ నుంచి అల పంపుడు, ఇంకో టవర్ మీద ఏంటెనా తిప్పుకుంట అందుకునుడు. ఇనుము అలను తిప్పికొడుతదని మా కైలాసం సార్ టవర్ కొసన కట్టెతోని కట్టించిండు. ఆడపిల్ల ఎక్కుడు ఎందుకని ఎవరో అంటే, "అలకు ఆడమగ తెల్వది, ఎక్కనీయుండ్రి" అన్నడు. కొంగు నడుముకు చుట్టి ఎక్కిన. సాంచెల మీద బట్ట నేసే మా బాపు ఒకసారి చూడ వచ్చిండు. ఏంటెనా తిరుగుతుంటే గ్రాఫు కాగితం మీద పెన్ను దానంతటదే గీత గీసుడు చూసి, పోయేటప్పుడు "కనపడని దాన్ని నేస్తున్నవు బిడ్డా" అన్నడు. నాకొచ్చిన మెడల్ అదొక్కటే.

ఇగ నీ పని. అల నీ కాడికి రెండు తొవ్వల వస్తది. ఒకటి సక్కగ వస్తది, రెండోది నేలకు తాకి ఎగిరి వస్తది. రెండూ ఒక్క తీరుగ కలిస్తే బలం. ఒకటి లేస్తుంటే ఇంకోటి పడుతుంటే ఒకదాన్నొకటి తింటయి. నీ కబురును ఏది తింటున్నదో కనుక్కోవాలె. ఊరి పక్కన ఒక బీడు చూసుకొని, కట్టె గుంజలు పాతి, నీ ఏంటెనాను నువ్వే కొలువు. బడి రేకుల పక్కన పెట్టినప్పుడు ఎట్లున్నదో, ఖాళీ జాగల ఎట్లున్నదో పక్కపక్కన పెట్టి చూడు.

తిండి టైముకు తిను.

చిన్నమ్మ
రోజారాణి

—

ఇప్పలగూడ
ఏప్రిల్ 2

చిన్నమ్మా,

దొరికింది!

నువ్వు చెప్పినట్టే బీడుల గుంజలు పాతినం. కట్టె కావాలంటే అంకయ్య కాక పోయి తెచ్చిండు. ఏంటెనాను జరంత జరంత తిప్పుకుంట మీటర్ చూసి చుక్కలు పెట్టిన. ఊరోళ్లందరు వచ్చి కూసున్నరు. ముసలి సమ్మవ్వ "గాలిని కొలుస్తున్నవా బిడ్డా" అని అడిగింది. నువ్వు రాసిన విమానం బొమ్మ ముచ్చట చెప్పిన. ఆమెకు మస్తు నచ్చింది, మల్లమల్ల చెప్పించుకున్నది.

ఖాళీ బీడుల ఏంటెనా కాగితం మీద ఉన్నట్టే ఉన్నది. అదే దాన్ని బడి రేకుల పక్కన పెడితే బలమంతా ఆకాశం దిక్కు లేచి పోతున్నది. గుట్ట దిక్కు చూడాల్సింది మొగులు దిక్కు చూస్తున్నది! రేకుల కాన్నుంచి తీసి, దూరంగ ఎత్తైన కట్టె గుంజ మీద కట్టినం. ఇప్పుడు కబురు ఎప్పుడు పంపినా వస్తున్నది. సైరన్ మోగించి చూసినం. పిల్లలు చెవులు మూసుకొని ఎగిరిండ్రు.

కుమార్ సార్ ఖుష్ అయిండు. పని అయిపోయిందని పైకి రాస్తనన్నడు. ఆయన ఇంకో ముచ్చట గూడ చెప్పిండు. మీ కేంద్రంల కొత్తగ కట్టిన పెద్ద హాలు ఉన్నదట, దేశంల ఎక్కడెక్కడి ఏంటెనాలో అక్కడికి వస్తయట, దాన్ని గీసింది రోజారాణి మేడం అట. నువ్వు ఎన్నడూ చెప్పలే! మమ్ముల ఒక్కసారి గూడ ఎందుకు చూడ తోల్కపోలే?

వనిత

—

కరీంనగర్
ఏప్రిల్ 10

వనితా,

నీ ఉత్తరం కోమలకు చదివి వినిపించిన. ఆమె పక్కింటోళ్లకు గూడ చెప్పి వచ్చింది. ఆ బీడుల నిన్ను చూస్తే మా కైలాసం సార్ మీసం దువ్వుతుండె.

అయితే పని అయిపోలే. ఇప్పుడు ఎండకాలం. నీ సైరన్ మోగాల్సింది వానకాలం.

టవర్ల కాడ మేము పడ్డ పరేషాన్ అదే. పొద్దుగాల మంచు తడి మీద కొలిస్తే ఒక గీత, పగలు కొలిస్తే ఇంకో గీత. వాన పడ్డ తెల్లారి గీత మొత్తమే మారేది. ఏంటెనా మారిందా, నేల మారిందా? ఎవరు చెప్తరు? లోకమంతా గీ తండ్లాటే ఉండె. అందుకే మనుషులు లోపలికి పోయిండ్రు. అలను మింగే గోడలు కావాలె కద. మొదట్ల పశువుల వెంట్రుకలను చాపలుగ జేసి, మసి కలిపిన రబ్బరుల ముంచి గోడలకు కొట్టిండ్రు. తర్వాత స్పాంజి లాంటి నురుగు ముద్దలను మొనదేలిన కోసలుగ కోసిండ్రు. అల వాటి నడుమ పోయి మల్ల తిరిగి రాదు. పెద్ద ఏంటెనాలు గదిల పట్టవు, వాటికి దూరం కావాలె. దానికి గూడ తొవ్వ కనిపెట్టిండ్రు. దగ్గర్నే నిలబడి, ఏంటెనా ముఖం ముందర అంగుళం అంగుళం కొలిచి, దూరంల అది ఎట్లుంటదో లెక్క కట్టుడు. ఇంకా పెద్ద వాటికైతే ఆకాశంల చుక్కల నుంచి వచ్చే రేడియో అలల దిక్కు తిప్పి కొలిచిండ్రు. చుక్కలను బల్ల మీది దీపం లెక్క వాడుకున్నరు బిడ్డా!

వాళ్లందరు నేర్పిందేందంటే, ఎట్ల వాడుతమో అట్ల కొలవాలె. నీ ఊరికీ గుట్టకూ నడుమ వరి మడులు ఉన్నయని రాసినవు. ఎండిన మడి గరుకుగ ఉండి అలను చెదరగొడుతది. నీళ్లు నిండితే అదే మడి అద్దమైతది. ఒక మడిల నీళ్లు పెట్టి కొలువు.

హాలు ముచ్చట వేరే. మల్లెప్పుడన్న.

చిన్నమ్మ

—

ఇప్పలగూడ
మే 3

చిన్నమ్మా,

నీ మాట వినకపోతే బాగుండు అనిపించింది. కోపంతోనే రాస్తున్న.

బోరు ఉన్న సాంబయ్యను బతిమాలితే ఆయన మడికి నీళ్లు పెట్టిండు. ఈ గట్టు గుంజ మీది నుంచి అల పంపుడు, ఆ గట్టు గుంజ మీద అందుకునుడు. నీళ్లు పారుకుంట మడి నిండుతుంటే మీటర్ ముల్లు నా కండ్ల ముంగటనే పడిపోయింది. పూరా పడిపోయింది. మడి ఎండినంక మల్ల లేచింది. అంటే వానలు పడి నాట్లు అయినంక, వాగు వచ్చే దినాలల్లనే మా సైరన్ మూగబోతది.

కుమార్ సార్ కు చెప్పిన. ఆయన మొఖం ఎర్రగైంది.

"అయిపోయిందని పైకి రాసిన. ఇప్పుడు కాలేదని ఎట్ల రాయాలె? తప్పు ఏంటెనాదా, మడిదా? అదన్న తెలుసా నీకు?"

"తెల్వది సార్. తడికి ఏంటెనానే పాడైతుందో, నీళ్లే అలను తింటున్నయో వేరు జేసి చూడాలె."

"వానలు పడేలోపల చూడు. తర్వాత నా చేతుల ఏమీ లేదు."

ఆయనను గూడ అనలేను. అంకయ్య కాక దూరంనుంచి అంతా విన్నడు. నేను ఆయన దిక్కు చూడలేకపోయిన. కాని ఆయనే వచ్చి, "మోగదని ముందే చెప్పినవు. మంచి పని జేసినవు" అన్నడు. ఆ మాటకు ఏడుపొచ్చింది.

ఏంటెనాను మీ హాలుకు తీస్కపోవాలని ఉన్నది. నీ పేరు చెప్పుకోనా?

వనిత

—

కరీంనగర్
మే 8

వనితా,

పో. అక్కడ వెంకటేశ్ అని ఉంటడు, నా చేతి కింద పనిజేసినోడే. నెమ్మదస్తుడు. పొడిగ ఒకసారి, తడిబట్ట కప్పి ఒకసారి కొలువుమను. నా పేరు చెప్పకు.

చిన్నమ్మ

—

ఇప్పలగూడ
మే 27

చిన్నమ్మా,

పోయొచ్చిన. నీ పేరు చెప్పలే. కాని "నేలను వేరు జేసి ఏంటెనాను చూడాలె సార్" అన్నంగనే వెంకటేశ్ సార్ నా మొఖం దిక్కు చూసి, "గీ మాట నీకు ఎవరు నేర్పిండ్రమ్మా?" అని అడిగిండు. నాకు అబద్ధం ఆడబుద్ధి కాలే.

ఆ మనిషి లేచి నిలబడ్డడు. నన్ను కూసోపెట్టి, నాకు చాయ్ తెప్పిచ్చి, ఆయన మాత్రం నిలబడే మాట్లాడిండు.

ఇగ హాలు. ఇంటంత తలుపు తెరిచిండ్రు. లోపల నాలుగు గోడలకు, పైన కప్పుకు, కింద నేలకు అన్నిట్కీ నీలం కోసలు. ఎక్కడ చూసినా కోసలే. ఆ కోసలు చప్పుడును గూడ మింగుతయి; తలుపు మూసినంక నా చెవులల్ల నా నెత్తురు పారే సప్పుడు వినపడ్డది. మాట నోట్లకెళ్లి బయటికి పోయి అక్కడనే చచ్చిపోతది. ఏంటెనా ముంగట సన్నటి కొలిచే పుల్ల ఒకటి కింది నుంచి పైకి, పై నుంచి కిందికి పోతుంటే, పక్క గదిల తెర మీద రంగుల ఆకారం వరుస వరుసగ నిండుకుంట వచ్చింది. తాత అన్న మాట యాదికొచ్చింది. చిన్నమ్మా, ఇది నువ్వు మనసుల గీసిన జాగ! మన కరీంనగర్ సాంచెల ఇంట్ల పుట్టిన పిల్ల గీసిన జాగ!

ఏంటెనాది తప్పు లేదు. పొడిగ ఉన్నా, తడిబట్ట కప్పినా దాని గీత ఒక్క తీరుగనే వచ్చింది. అంటే మడి నీళ్లే మన కబురును తింటున్నయి. ఏంటెనా మీది అనుమానం తీరింది. మడులను మాత్రం ఏం జెయ్యాలె? నాట్లు వెయ్యద్దని ఊరోళ్లకు చెప్పలేను కద.

పోయేముందు వెంకటేశ్ సార్ ను అడిగిన, మా చిన్నమ్మ ఈ హాలు గురించి ఎందుకు మాట్లాడదు అని. ఆయన చెప్పిండు. ఈ హాలు కావాలని నువ్వు ఏండ్లకేండ్లు కొట్లాడినవట. కోసల కొలతలకాన్నుంచి తలుపు సందు దాక నువ్వే గీసినవట. కట్టుడు అయిపోయే నెలలనే జరమొచ్చి నీ చెవులు పోయినయట. మొదటి కొలత నాడు నీ కుర్చీ ముంగటి వరుసల ఖాళీగ పెట్టి ఎదురు చూసిండ్రట. నువ్వు రాలేదట.

ఎందుకు పోలే చిన్నమ్మా?

వనిత

—

కరీంనగర్
జూన్ 9

బిడ్డా,

నీ ఉత్తరం వచ్చిన దినం అన్నం తినలే. కోమల పలక మీద "ఏమైంది" అని రాసి చూపిచ్చింది. ఉత్తరం ఆమె చేతిల పెట్టిన.

భయపడ్డ. అంతే. టవర్ ఎక్కి గాలిల నిలబడ్డ దాన్ని, ఎదురుంగ మాట్లాడుతున్న మనిషి మాట తెల్వక తలకాయ ఊపుకుంట నిలబడాల్నా అనుకున్న. నన్ను చూసి వాళ్లు జాలిపడుతరేమో అనుకున్న. చప్పుడు లేని హాలు కట్టించి నాకే చప్పుడు లేకుంటైందని ఎవరన్న నవ్వుతరేమో అని గూడ అనుకున్న. ఎవ్వరూ నవ్వేటోళ్లు కాదు. నాకే ధైర్యం చాలలే.

కోమల ఉత్తరం చదివి, నన్ను అడగనే లేదు, పోయి సంచి సర్దింది. మొన్న ఇద్దరం పోయొచ్చినం.

వెంకటేశ్ తలుపు కాడనే ఉన్నడు. ఏదో అన్నడు, నాకు వినపడలే. చెయ్యి పట్టుకొని లోపలికి తీస్కపోయిండు. నువ్వు చెప్పిన ఆ కొలిచే పుల్ల నడిచే పట్టా మీద నా అరచెయ్యి పెట్టిచ్చి, దాన్ని నడిపిండు. అది పైకి పోవుడు, ఆగుడు, మల్ల కిందికి వచ్చుడు, అంతా నా చేతికి తెలిసింది బిడ్డా. నేను కాగితం మీద గీసిన నడక అది. ఒక్క వణుకు లేదు. చుట్టూ చూసిన. కొత్తగ చేరిన పిల్లలు, పెద్దలు అందరు నిలబడి ఉన్నరు. చెవులున్నోళ్లు గూడ ఆ హాలుల ఏమీ వినలేరు కద. అక్కడ మేమందరం ఒక్క తీరుగనే ఉన్నం. ఇన్ని దినాలు అక్కడికి పోకుండ ఉన్నందుకు మస్తు ఏడ్చిన. తర్వాత తెర ముంగట కూసొని వాళ్ల కొలతలల్ల ఒక తప్పు పట్టిన. అందరు సంబురపడ్డరు.

ఇగ నీ మడులు. టవర్ కాడ మేము ఏంటెనాను స్తంభం మీద పైకి కిందికి జరిపి చూసెటోళ్లం. ఒక ఎత్తుల సిగ్నల్ చచ్చిపోతది. దాని కిందనో మీదనో జర జరిపితే మల్ల లేస్తది. నీళ్ల అద్దం ఒకే ఎత్తును తింటది, అన్ని ఎత్తులను ఒక్కసారే తినలేదు. గుంజ మీద రెండు ఏంటెనాలు కట్టు, ఒకటి పైన, ఒకటి కింద. దేనికి కబురు అందితే దాంతోని సైరన్ మోగాలె. నడుమ ఎంత ఎడం ఉండాల్నో నిండిన మడి మీద కొలిచి పెట్టుకో. నా లెక్క మీద పెట్టకు.

మీ కుమార్ సార్ కు నేనే వేరే ఉత్తరం రాసిన. మర్యాదగనే రాసిన.

చిన్నమ్మ

—

ఇప్పలగూడ
జులై 24

చిన్నమ్మకు శనార్తులు.

అందరం బాగున్నం. ముందుగాల గా మాట చదువు, తర్వాత మిగిలింది చదువు.

మొన్న సోమవారం పగటీలి. ఇక్కడ వాన లేదు. ఎండ కొడుతున్నది. మడులల్ల ఆడోళ్లు నాట్లేస్తున్నరు. పైన గుట్టల దిక్కు మొగులు నల్లగున్నది, అంతే. సైరన్ మోగింది.

నేను ఉరికి పెట్టె కాడికి పోయిన. నీ ఉత్తరం చూసి కుమార్ సార్ ఒప్పుకొని కట్టిచ్చిన రెండిట్ల, పై ఏంటెనాకు ఏమీ అందుతలేదు. నిండిన మడులు దాన్ని పూరా మింగినయి. కింది దానికి కబురు సక్కగ వస్తున్నది. పైదొక్కటే ఉంటే గా పెట్టె మూగగ కూసుంటుండె చిన్నమ్మా.

కాని జనం కదులుతలేరు. సాంబయ్య మడిల నుంచే మొత్తుకున్నడు: "ఎండ కొడుతుంటే వాగేంది? మల్ల ఖరాబైంది గది, బంద్ చెయ్యి!"

నేను "నిజమే, నిజమే" అని ఒర్రుతున్న. నా గొంతు సైరన్ల కలిసిపోయింది. అప్పుడు అంకయ్య కాక ఇంట్ల నుంచి వచ్చిండు. పశువుల పలుపులన్నీ కోసి అదిలించిండు, మిట్ట దిక్కు తోలిండు. వాటి వెనుక ఆయన పోలే. మడుల గట్టు మీదికి, నాటేసేటోళ్ల పక్కకే పోయి నిలబడ్డడు. నేను ఆయన వెనుకనే ఉరికిన.

"పోయినేడు గిట్లనే ఎండ కొట్టింది. నేను గూడ గిట్లనే నిలబడి చూసిన. నడువుండ్రి" అన్నడు.

మెల్లగనే అన్నడు. నారు చేతులల్లనే ఉన్నది, ఆడోళ్లు అట్లనే గట్టెక్కిండ్రు. సాంబయ్య సమ్మవ్వను మంచంతోని సహా ఎత్తిచ్చిండు. ఆమె మంచం మీద నుంచి "పిల్లలను లెక్కపెట్టుండ్రి, పిల్లలను" అని ఒర్రుకుంటనే పోయింది. బడి కాడికి ఎక్కి వెనుకకు చూసేసరికి వాగు ఒడ్డు దాటింది. మట్టి రంగు నీళ్లు, దుంగలు, ఎవరిదో నాగలి. మా బీడు మునిగింది. మేము కొలిచిన గుంజలు ఒకటి తర్వాత ఒకటి వంగి పోయినయి. అంకయ్య కాక ఇంటి గోడ గూడ పడ్డది. ఆయన చూసిండు.

నీళ్లు తీసినంక కుమార్ సార్ బురదల నడుసుకుంట వచ్చిండు. పెట్టె తెరిచి, పై ఏంటెనా ఏ టైముకు ఆగింది, కింది దానికి ఏ టైముకు అందింది చూసిండు. "పై ఊళ్లకు గూడ రెండేసి పెడదాం. ప్రతి ఊర్ల మడి నిండినంకనే కొలుద్దాం. నువ్వే కొలువాలె" అన్నడు. సరే అన్న. అందుకే నేను ఇప్పుడే కరీంనగర్ వస్తలేను.

మాపటీలి బడి కాడ అందరికీ ఒక్కతాన్నే వండిండ్రు. అంకయ్య కాక తన పళ్లెం పట్టుకొని వచ్చి నా పక్కన కూసున్నడు. సగం తిన్నంక అడిగిండు.

"గీ రెండు పెట్టుమని చెప్పింది మీ చిన్నమ్మేనా?"

"అవు కాకా."

"ఆమెకు చెవులు వినపడవంటివి కద?"

"వినపడవు. రాస్తే చదువుతది."

"అయితే రాయి" అన్నడు. "పొద్దుగాల ఊర్ల ఎంతమందిమి ఉన్నమో, మాపటికి గూడ అంతమందిమి ఉన్నం అని రాయి."

రాసిన చిన్నమ్మా.

వనిత